చనిపోయి దొరికినంత మాత్రాన మనదైపోదు: ట్యాక్సిడెర్మీపై అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో నాదొక చిన్న పనిశాల. మట్టితోనూ పనస కర్రతోనూ పక్షుల, జంతువుల శిల్పాలు చేస్తాను. అడిగినవారికి చనిపోయిన పెంపుడు జంతువుల ట్యాక్సిడెర్మీ, అంటే చర్మాన్ని పాడవకుండా శుద్ధిచేసి బతికున్నట్లు కనిపించేలా నిలబెట్టే పని కూడా చేసిపెడతాను. ఎవరో ఒకరు గోనెసంచిలో ఏదో మూటగట్టుకొని వచ్చి, "మనం చంపలేదు కదండీ, దానంతటదే చచ్చిపోయింది" అంటూనే ఉంటారు. ఈ మాటను నమ్ముకొని చిక్కుల్లో పడుతున్నవారిని చూస్తున్నాను కనుక, ముందుగా దీని సంగతే చెబుతాను.

అపోహ: చనిపోయి దొరికిన అడవి జంతువు దొరికినవారి సొత్తు.

వాస్తవం: వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 39వ సెక్షన్ ప్రకారం అది ప్రభుత్వ ఆస్తి. బండి కింద పడి చచ్చినా, కరెంటు తీగ తగిలి రాలినా, అలలు ఒడ్డుకు చేర్చినా తేడా లేదు. అలాంటిది మీ చేతికి వస్తే 48 గంటల్లోగా దగ్గరలోని పోలీసు స్టేషన్‌కు గాని, అటవీ అధికారికి గాని తెలియజేయాలి. నెమలి, ఎలుగుబంటి, ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు ఆ చట్టం అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉన్నాయి; వాటి విషయంలో నేరం రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు, 2022 సవరణ తరువాత కనీసం 25,000 రూపాయల జరిమానా ఉంటాయి. సర్పంచి చీటీ రాసిస్తే చాలునని, పశువైద్యుడి సంతకం ఉంటే ఎవరూ అడగరని ప్రచారం చేసేవారు ఆ రోజున మీ పక్కన నిలబడరు.

శ్రీకాకుళం తీరంలోని బారువ వైపు నుంచి ఒక పెద్దాయన బియ్యపు సంచిలో ఆలివ్ రిడ్లే తాబేటి డిప్ప తెచ్చి, మెరుగుపెట్టి గోడకు తగిలించేలా చేసిపెట్టమన్నాడు. విషయం చెప్పేసరికి ఆయన చేతులు వణికాయి. "నానేటి సేసినాను బాబూ, ఒడ్డుకి కొట్టుకొచ్చినాది" అన్నాడు. అది దొరికి ఒక రోజే అయింది కనుక, ఇద్దరం అప్పటికప్పుడే బయలుదేరి అటవీ కార్యాలయంలో అప్పగించాము. వాళ్లు వివరాలు రాసుకొని పంపించేశారు. భయపడి దాచిపెట్టడంలోనే ప్రమాదమంతా ఉంది.

అపోహ: ఫార్మాలిన్ సూది వేసి, కడుపులో గడ్డి కుక్కితే సరిపోతుంది.

వాస్తవం: ట్యాక్సిడెర్మీలో మిగిలేది చాలావరకు చర్మం, దానిమీది బొచ్చు లేదా ఈకలే. లోపలి శరీరాన్ని తీగతో, కొబ్బరి పీచుతో, ఫోమ్‌తో మేము కొత్తగా చెక్కుతాము. ఆ పని శిల్పమే. నేను మొదట చేసినది ఇంట్లో పెంచిన బాతు. చర్మం లోపలి కొవ్వును పూర్తిగా గీకలేదు. వానాకాలం వచ్చేసరికి రొమ్ము ఈకల మీదికి నూనె ఊరింది, ఆపైన పురుగు పట్టింది, చివరకు దాన్ని పెరట్లో పాతిపెట్టాను. పుంజుతో మరొక తంటా ఉంది: తురాయి ఎండితే ముడుచుకుపోతుంది కనుక, అచ్చు తీసి మళ్లీ పోతపోసి రంగు వేయాలి.

తాతలనాటి దుప్పి తలకాయ ఇంట్లో ఉన్నవారికి రెండే మాటలు: అటవీశాఖ ఇచ్చిన యాజమాన్య ధ్రువపత్రం ఉందో లేదో చూసుకోండి, అమ్మకానికి పెట్టకండి. పాతకాలపు వాటికి విషపూరితమైన ఆర్సెనిక్ సబ్బు పూసేవారు కాబట్టి ఒట్టి చేతులతో దులపకండి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి వచ్చే పక్షులు సైబీరియావని చెప్పి బొమ్మలు చేయించుకునేవారికి కూడా ఒక మాట: ఆ పెలికాన్లు, రంగు కొంగలు దక్షిణాసియా పక్షులే.

అపోహ: ట్యాక్సిడెర్మీ చేయిస్తే మన కుక్క మనకు తిరిగి వచ్చినట్లే ఉంటుంది.

వాస్తవం: పులి ముఖం ఎలా ఉన్నా చూసేవారికి అది పులే, పదేళ్లు మీ గుమ్మంలో పడుకున్న కుక్క ముఖం మాత్రం మీకు వెంట్రుకతో సహా తెలుసు. గాజు కన్ను కాస్త పక్కకు తిరిగినా "ఇది మాది కాదండీ" అంటారు, నిజానికి వారి మాటే సరైనది. అయినా చేయించాలనుకుంటే కోయవద్దు, ఉప్పు రాయవద్దు, ప్లాస్టిక్ సంచిలో చుట్టి వెంటనే ఫ్రీజర్‌లో పెట్టండి. మన వేడికి కొన్ని గంటల్లోనే బొచ్చు ఊడడం మొదలవుతుంది. ఏడుస్తూ వచ్చినవారి దగ్గర నేను ఆ రోజు బయానా తీసుకోను. వారం ఆగి, ఫోటోలు తెమ్మంటాను. వాటిని చూసి మట్టితో చేయించుకుందామని అప్పటికి చాలామంది తామే అంటారు.

బారువ పెద్దాయనకు కూడా డిప్పకు బదులు పనస కర్రతో తాబేలు చేసిస్తానన్నాను. ముందు మట్టి నమూనా చేసి చూపించాను. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకొని, వెన్ను వరుసకు అటూ ఇటూ ఉన్న పలకలను వేలితో తడుముతూ లెక్కపెట్టి, "ఐదు కాదు బాబూ. ఆ డిప్పకి ఇటేపు ఆరు, అటేపు ఏడున్నాయి" అన్నాడు. నేను చెక్కినది లాగర్‌హెడ్ అనే మరో సముద్రపు తాబేలు లెక్క. ఆలివ్ రిడ్లేకు సాధారణంగా ఒక్కో పక్క ఆరు గాని అంతకు మించి గాని ఉంటాయి, రెండు పక్కలా సమానంగా ఉండాలన్న నియమం కూడా లేదు. నమూనా ఇంకా పచ్చిగానే ఉన్నందున, ఆయన ఎదుటే చెరిపి మళ్లీ గీశాను.