కాగితానికి సొంత వెలుగు లేదు

"మానిటర్ క్యాలిబ్రేట్ చేయించిన. అయినా ల్యాబ్ నుంచి ప్రింట్లు డల్‌గనే వస్తున్నయి. ల్యాబ్ మార్చాల్నా, మానిటర్ మార్చాల్నా?" బతుకమ్మ పండుగ ముగిసి లగ్గాల ఆల్బంల పని మొదలయ్యే రోజుల్లో హనుమకొండ, వరంగల్ ఫోటోగ్రాఫర్ల నోట వినబడే ప్రశ్న ఇది. దేన్ని మార్చేముందైనా ఒకటి కొలవాలి: ప్రింటు పట్టుకుని చూస్తున్న చోట ఎంత వెలుతురుంది?

క్యాలిబ్రేటర్ అనే తెర రంగులు కొలిచే పరికరం తగిలించి తెలుపు ఛాయను 6500 కెల్విన్‌కు, నడిమి ఛాయల వెలుగును నిర్ణయించే గామాను 2.2కు సరిచేసుకోవడం అందరికీ తెలిసిన పనే. తెర వెలిగించి అరగంట ఆగాక చేయాలి, నెలకోసారి మళ్లీ చేయాలి. చాలామంది దాటేసేది మూడో అంకెను. తెర ఎంత ప్రకాశంగా ఉండాలో చదరపు మీటరుకు ఇన్ని క్యాండెలాలు అని అడిగే గడి అది. పెట్టెలోంచి తీసిన కొత్త మానిటర్ 250, 300 క్యాండెలాలతో వెలగడం మామూలే.

ఇప్పుడు కాగితం సంగతి. మీద పడ్డ వెలుతురును తిప్పి పంపడమే దానికి తెలుసు. మంచి ఫోటో పేపర్ తెలుపు సుమారు 90 శాతం తిప్పి పంపుతుంది, అదీ అన్ని దిక్కులకూ చెదరగొడుతూ. అందుకే కాగితం మీద పడే వెలుతురు కొలత లక్స్‌ను 0.9తో గుణించి 3.14తో భాగిస్తే ఆ తెలుపు ఎన్ని క్యాండెలాలతో కనిపిస్తుందో వస్తుంది. 500 లక్స్ పడితే 143. 350 పడితే 100. ఒక్క ట్యూబ్‌లైట్ ఉన్న గదిలో టేబుల్ మీద 150 లక్స్ ఉందనుకుంటే 43 మాత్రమే. పక్కనే 300తో వెలిగే తెర ఉంది. ఏడు రెట్లు! ఫోటోగ్రాఫర్ భాషలో దాదాపు మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు). అంత తేడాలో ఏ ల్యాబ్ ప్రింటైనా నల్లగానే కనిపిస్తుంది. ఆ తెరను ఆపేసి రెండు నిమిషాలు ప్రింటునే చూడండి, కన్ను సర్దుకుంటుంది, అదే ప్రింటు బాగానే ఉందనిపిస్తుంది.

"ప్రతి ఫోటోకూ బ్రైట్‌నెస్ ఇరవై పెంచి పంపు" అనే సూత్రం గురువు నుంచి శిష్యుడికి ఇలాగే చేరుతుంటుంది. అది ఆ గురువు గదిలోని ట్యూబ్‌లైటుకు సరిపోయిన అంకె. పెళ్లివాళ్లు అదే ఆల్బంను పగటిపూట వాకిట్లో, 2000 లక్స్ వెలుతురులో తెరిస్తే కాగితం తెలుపు 570 దాటుతుంది. పెళ్లికూతురి ముఖం వెలిసిపోతుంది. ప్రింట్లు చూసే వెలుతురుకు ఐఎస్ఓ 3664 అనే ప్రమాణమే ఉంది: నిశితంగా పోల్చడానికి 2000 లక్స్, మామూలుగా చూసి నిర్ణయించడానికి 500.

లక్స్ మీటర్ లేకపోతే కెమెరా చాలు. స్పాట్ మీటరింగ్ (ఫ్రేములో చిన్న చోటునే కొలిచేది), సెన్సిటివిటీ ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్/8 పెట్టండి. తెర నిండా ఖాళీ తెల్ల పేజీ తెరిచి, ఫోకస్ కాస్త తప్పించి, మీటర్ ముల్లు సున్నా మీదికి వచ్చేదాకా షట్టర్ తిప్పండి. 1/13 సెకను దగ్గర ఆగితే ఆ తెలుపు సుమారు 100 క్యాండెలాలు. 1/25 అయితే 200, 1/6 అయితే 50. తర్వాత అదే రకం పేపర్, అచ్చు వేయనిది, ప్రింటు చూసే చోట పెట్టి మెరుపు పడని కోణంలో అలాగే కొలవండి. రెండు అంకెలూ కలిసేదాకా తెరను తగ్గించి, దీపాన్ని దగ్గరికి జరపాలి. తెరకు 100 నుంచి 120 మంచి గురి. 120కి కాగితం మీద సుమారు 420 లక్స్ కావాలి.

బల్బు పెట్టె మీది కెల్విన్ అంకెను మాత్రమే నమ్మొద్దు. సీఆర్ఐ అనే నాణ్యత అంకెను ఎనిమిది లేతరంగుల సగటుతో లెక్కకడతారు. ముదురు ఎరుపును కొలిచే ఆర్9 ఆ సగటులో లేదు. అందుకే సీఆర్ఐ 80 ఉన్న మామూలు ఎల్ఈడీ కింద కుంకుమ, పట్టుచీర ఎరుపు గోధుమరంగుకు దిగుతాయి. 5000 కెల్విన్, సీఆర్ఐ 95కు పైన, ఆర్9 విలువ కూడా అచ్చువేసిన బల్బు కొనండి. ఆ దీపం కింద కాగితం తెలుపు తెర కంటే పసుపుగా అనిపిస్తే తెరను 5800 వైపు దించండి. ఇక్కడ కన్ను చెప్పిందే చెల్లుతుంది.

వెలుగు కలిసినా నలుపు కలవదు. తెర మీద తెలుపు నలుపుల నిష్పత్తి 1000:1 ఉంటే, గ్లాసీ పేపర్ మీద 200:1, మ్యాట్ మీద 40:1 చుట్టూ ఉంటుంది. రామప్ప మదనికల నల్లరాతిలో తెర మీద కనిపించే మడతలు మ్యాట్ పేపర్ మీద ముద్దకట్టేది ఇందుకే. ల్యాబ్‌ను ఆ పేపర్ ఐసీసీ ప్రొఫైల్ (దాని మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) అడిగి తీసుకుని ఫోటోషాప్‌లో ప్రింటు ఎలా వస్తుందో తెర మీదే చూపే సాఫ్ట్ ప్రూఫ్ పెట్టండి. "సిమ్యులేట్ పేపర్ కలర్" టిక్ చేసే క్షణంలో చూపు పక్కకు తిప్పుకోండి, లేకపోతే బొమ్మ ప్రాణం పోయినట్టనిపించి అనవసరంగా కాంట్రాస్ట్ పెంచేస్తారు. నీలిరంగు అద్దిన గునుగు పూలు తెర మీదున్నంత గాఢంగా రాకపోతే అది కాగితం హద్దు, దానికి మందు లేదు.

సొంత ప్రింటర్‌లో ముఖాలు వంగపండు రంగుకు తిరిగితే ముందు అనుమానించాల్సింది ప్రొఫైల్ రెండుసార్లు పడిందేమోనని. ఫోటోషాప్‌కు రంగుల బాధ్యత అప్పగిస్తే ప్రింటర్ డ్రైవర్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆపేయాలి.

ల్యాబ్‌కు పంపేటప్పుడు, వాళ్లు వేరే చెప్పకపోతే, మామూలు రంగుల పరిధి అయిన ఎస్ఆర్‌జీబీలోకి మార్చి ప్రొఫైల్ జతచేసి పంపండి. బతుకమ్మ ఫోటోలైతే ఇంకొకటి ఉంది. పద్మాక్షి గుట్ట కింద తీసిన ఫ్రేము నిండా తంగేడు, బంతి ఉంటే ల్యాబ్ మిషన్‌లోని ఆటో కరెక్షన్ ఆ పసుపును రంగుదోషం అనుకుని నీలం కలుపుతుంది. పూలు వాడిపోతాయి, పక్కనున్న ఆడపడుచుల ముఖాలు నీలబడతాయి. ఆర్డర్ మీద "కరెక్షన్ వద్దు" అని రాసి, ముందు ఒక్క 6×8 వేయించుకుని, కొలిచిపెట్టుకున్న దీపం కింద చూసి, ఆ తర్వాతే ఆల్బం మొత్తానికి ఒప్పుకోండి.