నాయన పోయాక మొదలయ్యే కథ: టీనేజ్ కథల్లో దుఃఖం గురించి కొన్ని అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో హైస్కూలు పిల్లల కోసం కథలు రాస్తాను, వాళ్ల చేతా రాయిస్తాను. అయినవాళ్లను పోగొట్టుకున్న పిల్లల కథ అనగానే తల్లిదండ్రులు, టీచర్లు, కొత్తగా రాసేవాళ్లు అనే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఇలాంటివి చదివితే పిల్లలు దిగులు పెట్టుకుంటారు.

వాస్తవం: చావును కథలో చదవకముందే ఇంట్లో చూసిన పిల్లలు మన క్లాసుల్లో ఉన్నారు. 2020, 2021 కరోనా తర్వాత మరీను. దినాలు అయ్యేదాకా ఇంటినిండా చుట్టాలే, ఆ పిల్లవాడితో మాత్రం ఎవరూ ఆ మాట ఎత్తరు. 'చదువు మీద ధ్యాస పెట్టు' అంటారంతే. తనలాంటి వాడొకడు కథలో కనిపిస్తే వాడికి కాస్త ఊపిరాడుతుంది. ఇష్టం లేని వాళ్ల చేత బలవంతంగా చదివించకూడదు, అది వేరే సంగతి.

అపోహ: దుఃఖం ఐదు దశల్లో వరసగా నడుస్తుంది, కథ కూడా అలాగే నడవాలి.

వాస్తవం: ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో ఆ ఐదు దశలు (నమ్మకపోవడం, కోపం, బేరమాడటం, కుంగిపోవడం, ఒప్పుకోవడం) చెప్పింది చావుకు దగ్గరపడిన రోగులను చూసి. వాళ్లను పోగొట్టుకున్నవారికి వాటిని వర్తింపజేయడం తర్వాత జరిగింది. మనిషి ఒకసారి దుఃఖంలోకి, ఒకసారి రోజువారీ పనుల్లోకి అటూ ఇటూ తిరుగుతుంటాడని 1999లో మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షూట్ అనే పరిశోధకులు రాశారు. పిల్లల్లో ఇది ఇట్టే కనిపిస్తుంది. సాయంత్రం క్రికెట్ ఆడుతూ పడీపడీ నవ్వినవాడే రాత్రి నాయన చొక్కా పక్కన పెట్టుకుని పడుకుంటాడు. 'వీడికి బాధే లేదు' అని చుట్టాలు అనే మాట కూడా కథలోకి రావాలి. అది వాడికి గుచ్చుకుంటుంది.

అపోహ: కథ చివరికి ఆ పిల్లవాడు బాధ్యత తెలిసిన పెద్దవాడు కావాలి.

వాస్తవం: నేను ఎక్కువగా వాదించేది దీని గురించే. 'ఇంక ఇంటికి నువ్వే దిక్కు' అనేది ఊరు వాడి నెత్తిన పెట్టిన పని. తానెవరో వాడికి తెలియడం అంతకంటే మెల్లగా, గజిబిజిగా జరుగుతుంది.

ఈ మధ్య రాసిన కథలో ఒక తొమ్మిదో తరగతి పిల్లవాడు. ఏటా తిరుపతి గంగ జాతరకు నాయనే వాడి ఒంటికి బొగ్గు పూసి, మొక్కుగా వేసే వేషాల్లో ఒకటైన తోటి వేషం వేసేవాడు. ఇప్పుడు నాయన లేడు, ఇంట్లో ఏటి సూతకం, అంటే ఏడాది మైల. కొండకు పోకూడదు, జాతరకూ పోకూడదు. 'ఈ ఏడు మనకు లేదు నాయనా' అంటుంది అవ్వ. మిద్దె మీద నుంచి వీధిలో వేషాలు చూస్తుంటే వాడికి తట్టింది, తనకు ఆ వేషం ఎప్పుడూ ఇష్టం లేదని. చంకల్లో, చెవుల వెనక బొగ్గు పూసే నాయన చేతులే ఇష్టం. వేషం తప్పినందుకు లోపల చిన్న హాయి, ఆ హాయికి సిగ్గు. కథంతా అక్కడే ఉంది. వచ్చే ఏడు వాడు తమ్ముడికి బొగ్గు పూస్తున్నట్టు ముగించమని ఒక పెద్దాయన చెప్పారు. నేను ఒప్పుకోలేదు. వాడి నాయన పోయి ఇంకా ఏడాదైనా నిండలేదు.

అపోహ: ఎవరైనా చనిపోతేనే దుఃఖం.

వాస్తవం: పది అవగానే హాస్టల్లో వేసిన పిల్లను అడగండి.

అపోహ: నిజాయితీగా రాయాలంటే ఏదీ దాచకూడదు.

వాస్తవం: ఆత్మహత్య ఉన్న కథలో ఎలా చేసుకున్నారో వివరించకూడదు. మీడియాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచన కూడా ఇదే. మిగిలినవాళ్ల కోపం, 'నేను ఆపగలిగేవాణ్ణేమో' అనే బాధ, ఇవి ఎంతైనా రాయొచ్చు. అలాంటి కథ చివరి పేజీలో, మనసు బాగోలేనివాళ్లకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416 వేయండి. ఎప్పుడు చేసినా పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు.