లింఫ్ గ్రంథుల్లో ఆగిపోయిన కణాలు

మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు ఫింగోలిమాడ్ వేసుకుంటున్నవాళ్ల బ్లడ్ రిపోర్టు చూస్తే ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంటుంది. మైక్రోలీటరు రక్తంలో వెయ్యికి పైగా ఉండాల్సిన లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు 500 దగ్గరికి పడిపోయి ఉంటాయి. మందు వాటిని చంపేస్తోందా అని భయం. నిజానికి చాలా కణాలు చావలేదు. లింఫ్ గ్రంథుల్లోనే ఉండిపోయాయి.

ఈ జబ్బులో మనల్ని కాపాడాల్సిన లింఫోసైట్లే మెదడులోకి, వెన్నుపాములోకి చొరబడి నరాల తంతువుల మీది మైలిన్ తొడుగును దెబ్బతీస్తాయి. చూపు మసకబారుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది. ఆ కణాలు గ్రంథి గడప దాటకపోతే?

రక్తంలో ఎస్‌1పీ అనే కొవ్వు పదార్థం ఎక్కువ, గ్రంథి లోపల తక్కువ. పోపు వాసన పట్టుకుని వంటింటివైపు నడిచినట్టు, లింఫోసైట్ తన మీదున్న గ్రాహకంతో ఆ తేడాను పసిగట్టి బయటికొస్తుంది. ఫింగోలిమాడ్ ఆ గ్రాహకానికి అతుక్కోగానే కణం దాన్ని లోపలికి లాక్కుని కరిగించేస్తుంది. ఇక బయటికి దారి తెలియదు.

నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించేది ఇంకొకటి. అన్ని కణాలూ చిక్కుకోవు. సీసీఆర్7 అనే గుర్తు ఉన్నవే గ్రంథుల్లోకి తిరిగి వెళ్తుంటాయి కాబట్టి అవే ఎక్కువగా ఆగిపోతాయి. ఆ గుర్తు లేని, అనుభవజ్ఞులైన టీ కణాలు (లింఫోసైట్లలో ఒక రకం) చాలావరకు రక్తంలోనూ కణజాలాల్లోనూ కాపలా తిరుగుతూనే ఉంటాయి. ఇన్ఫెక్షన్ల ముప్పు పెరిగినా ఒంటికి రక్షణ పూర్తిగా పోకపోవడానికి ఇదొక కారణం.

ఇంత చేసే మందుకు మూలం కీటకాల మీద పెరిగే ఒక శిలీంధ్రం. జపాన్‌లో టెట్సురో ఫుజితా బృందం అందులోని పదార్థాన్ని మార్చి మార్చి దీన్ని తయారుచేసింది. 2010లో అమెరికా ఆమోదించింది. ఈ గ్రాహకాలు గుండెలోనూ ఉంటాయి. అందుకే మొదటి మాత్ర వేశాక నాడి నెమ్మదిస్తుందేమోనని కనీసం ఆరు గంటలు కనిపెట్టుకుని ఉంటారు.

ఇదే జబ్బుకు 2017లో వచ్చిన ఒక్రెలిజుమాబ్ అనే మందు దారి వేరు. అది సీడీ20 గుర్తున్న బీ కణాలను (లింఫోసైట్లలో ఇంకో రకం) నిజంగానే నాశనం చేస్తుంది.

ఫింగోలిమాడ్ ఆపితే ఒకటి రెండు నెలల్లో లింఫోసైట్ల సంఖ్య మామూలు స్థాయికి వస్తుంది. రిపోర్టు చూస్తే ప్రాణం కుదుటపడుతుంది. కానీ కొందరిలో జబ్బు మందుకు ముందున్నదానికన్నా తీవ్రంగా తిరగబెట్టేదీ ఆ తర్వాతి వారాల్లోనే. అంకె చూసి భయపడి, డాక్టరును అడగకుండా మాత్ర మానేయకండి.