చివరి ఐదు మిల్లీగ్రాముల చిక్కు

డిప్రెషన్‌కు వాడే ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా. స్ట్రిప్పు అయిపోయింది. మనసు కుదుటపడింది కదా, ఇంకెందుకులే అని మళ్లీ కొనలేదు. మర్నాడు ఏమీ తెలియదు. మూడు నాలుగు రోజులకు తల తిరుగుడు, కళ్లు పక్కకు తిప్పితే తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, పీడకలలు, ఊరికే ఏడుపు. జబ్బు తిరగబెట్టిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు, కొన్నిసార్లు డాక్టర్లూ అనుకుంటారు. చాలాసార్లు అది జబ్బు కాదు, మందు ఒక్కసారిగా మానేసిన ఫలితం. ఈ తేడా వైద్యానికి పూర్తిగా తలకెక్కడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది.

డిప్రెషన్ మందుల కథ మొదలైంది టీబీ వార్డులో. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో ఐప్రోనియజిడ్ వాడిన టీబీ రోగులు అనుకోనంత హుషారయ్యారు. 1957 నాటికి అదే మందు డిప్రెషన్‌కు మళ్లింది. ఆ కోవ మందులు వేసుకుంటూ పాత చీజ్ తింటే బీపీ ప్రమాదకరంగా ఎగిసేది. అదే కాలంలో వచ్చిన ఇమిప్రమిన్ మోతాదు మించితే గుండెకే చేటు. అందుకే మెదడు కణాల మధ్య కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనం ఒక్కదాని మీదే పనిచేసే మందు కోసం వెతికారు. స్వీడన్ నుంచి 1982లో వచ్చిన జిమెలిడిన్‌ను నరాలు దెబ్బతిని కాళ్లు చేతులు చచ్చుబడే గులియన్ బారే సిండ్రోమ్ కేసుల వల్ల మరుసటి ఏడాదే వెనక్కి తీసుకున్నారు. నిలబడింది ఈలై లిల్లీ కంపెనీ ఫ్లూఆక్సెటిన్. అమెరికాలో దానికి 1987 డిసెంబర్ 29న అనుమతి వచ్చింది. సెర్ట్రలిన్, పారాక్సెటిన్, ఎస్సిటాలోప్రామ్ ఆ తర్వాతివి.

ఫ్లూఆక్సెటిన్, దాని నుంచి ఒంట్లో తయారయ్యే పదార్థం వారాల తరబడి రక్తంలో ఉంటాయి కాబట్టి మానేసినా మెల్లగా దిగుతుంది. పారాక్సెటిన్ అలా కాదు, సుమారు 21 గంటల్లో సగానికి పడిపోతుంది. ఆపినప్పుడు బాధ దానితోనే ఎక్కువ. ఎస్సిటాలోప్రామ్‌కు సుమారు 30 గంటలు. రోజు విడిచి రోజు వేసుకుని మానేద్దామనుకోవడం అందుకే పొరపాటు: ఒకరోజు మందు ఉంటుంది, మర్నాడు సగానికి పైగా జారుతుంది, మెదడుకు రోజూ ఊగిసలాటే.

1996 చివర్లో దీనిపై నిపుణులు సమావేశమై దీన్ని 'డిస్‌కంటిన్యుయేషన్ సిండ్రోమ్' అన్నారు. మత్తుమందుల విషయంలో వాడే 'విత్‌డ్రాయల్' అనే మాటను పక్కన పెట్టారు. ఆ చర్చకు అండగా నిలిచింది లిల్లీ కంపెనీయే. దాని మందుకు ఈ ఇబ్బంది తక్కువ మరి. బ్రిటన్ మార్గదర్శకాలు 2004 నుంచి ఈ బాధ సాధారణంగా తేలికపాటిదని, వారంలో తగ్గిపోతుందని చెబుతూ వచ్చాయి. కొందరిలో తీవ్రంగా, చాలాకాలం ఉండొచ్చని 2019లో గానీ సవరించలేదు.

ఆ ఏడాదే మార్క్ హొరోవిట్జ్, డేవిడ్ టేలర్ అనే పరిశోధకులు అసలు లెక్క ముందు పెట్టారు. ఎస్సిటాలోప్రామ్‌కు మాతృక లాంటి సిటాలోప్రామ్‌నే తీసుకుంటే, 60 మి.గ్రా. డోసు మెదడులో సెరటోనిన్‌ను తిరిగి కణాల్లోకి లాగేసే ట్రాన్స్‌పోర్టర్లలో సుమారు 88 శాతాన్ని అడ్డుకుంటుంది. 20కి తగ్గించినా 80 శాతం. అంటే 40 మి.గ్రా. తీసేస్తే పడింది ఎనిమిది శాతమే! 9 మి.గ్రా. దగ్గర 70, 5.4 దగ్గర 60, 3.4 దగ్గర 50. అక్కణ్ణుంచి సున్నాకు దూకితే సగం ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. సగం మాత్రకు వచ్చాం, ఇక మానేద్దాం అనుకున్నవాళ్లు పడిపోయేది ఇక్కడే.

కాబట్టి నెలల తరబడి వాడినవారికి కిందికి వచ్చేకొద్దీ మెట్లు చిన్నవి కావాలి. డాక్టరు ఆధ్వర్యంలో 10 నుంచి 5, ఆపైన 2.5, వీలైతే ఇంకా కిందికి, ఒక్కో మెట్టు దగ్గర రెండు నుంచి నాలుగు వారాలు. మధ్యలో గీత ఉన్న 5 మి.గ్రా. మాత్రను కట్టర్‌తో సగం చేయొచ్చు. పారాక్సెటిన్ సీఆర్ (మెల్లగా మందు వదిలే రకం) మాత్రను కోయకూడదు, నెమ్మదిగా వదలాల్సిన మందు ఒక్కసారే వదులుతుంది. బాధ ఎక్కువైతే పై మెట్టుకు తిరిగి వెళ్లాలి. మళ్లీ వేసుకున్న ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటే అది మానేసినందుకు వచ్చిన బాధే. జబ్బు తిరగబెడితే అంత తొందరగా లొంగదు, సాధారణంగా వారాలు, నెలల తర్వాత మెల్లగా వస్తుంది.

మొదలుపెట్టేటప్పుడూ జాగ్రత్త కావాలి. పిల్లలు, టీనేజర్లలో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో ఈ మందుల సమాచార పత్రాల మీద నల్లగీతల పెట్టెలో హెచ్చరిక పెట్టించింది, 2007లో దాన్ని 24 ఏళ్ల వయసు దాకా పొడిగించింది. తొలి వారాల్లో, డోసు మార్చినప్పుడు ఇంట్లో ఒకరు కనిపెట్టి ఉండాలి.

టీబీ మళ్లీ ఈ కథలోకి వస్తుంది. మందులకు లొంగని టీబీకి వాడే లినెజోలిడ్‌కు, సెరటోనిన్‌ను విరిచేసే ఎంజైమును అడ్డుకునే ఐప్రోనియజిడ్ గుణం కాస్త ఉంది. లినెజోలిడ్, ఈ డిప్రెషన్ మందులు కలిస్తే సెరటోనిన్ మితిమీరి వణుకు, జ్వరం, కండరాల బిగుతుతో సెరటోనిన్ సిండ్రోమ్ రావొచ్చు. ఫ్లూఆక్సెటిన్ మానేసిన ఐదు వారాల దాకా ఈ ముప్పు ఉంటుంది. నొప్పికి వాడే ట్రమడాల్‌తోనూ ఇదే భయం.

మన మందుల షాపుల్లో ఇంకో చిక్కుంది. చాలా ఎస్సిటాలోప్రామ్ స్ట్రిప్పుల్లో ఆందోళన తగ్గించే క్లోనజెపామ్ కూడా కలిపి ఉంటుంది, పేరు చివర తరచు 'ప్లస్' అని ఉంటుంది. దాన్ని ఠక్కున ఆపితే రెండు మందులు ఒకేసారి ఆగిపోతాయి. క్లోనజెపామ్ హఠాత్తుగా ఆగితే ఫిట్స్ రావొచ్చు. స్ట్రిప్పు వెనక సన్నక్షరాల్లో రెండు పేర్లుంటే, వాటిని విడివిడి మాత్రలుగా రాయమని ముందు డాక్టరునడగాలి. ఆ తర్వాతే, ఒకదాని తర్వాత ఒకటిగా తగ్గింపు.