నాన్న నేవీలో విమానాల్లో ఎగిరేవారు: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో రిటైరైన నేవీ కుటుంబాల దగ్గరున్న పాత కాగితాలు, ఫొటోలు, జ్ఞాపకాలు ఒక వరసలో పెట్టి, వాళ్లింటి కోసమే ఒక పుస్తకంగా కుట్టి ఇవ్వడం నా పని. ఎక్కువగా 1971 యుద్ధంలో నౌకాదళ విమానాల్లో ఎగిరినవాళ్లవి చేస్తుంటాను. వాళ్లలో అందరికంటే చిన్నవాళ్లకే ఇప్పుడు డెబ్బై దాటి చాలా కాలమైంది. అందుకే నాకు ఫోన్ చేసేది చాలావరకు వాళ్ల పిల్లలే. నాన్న పోయిన ఏడాదికో రెండేళ్లకో ట్రంకుపెట్టె తెరుస్తారు, అప్పుడు నేను గుర్తొస్తాను. వాళ్లు చెప్పే కథల్లో కొన్ని పొరపాట్లు ఇంటింటా అవే వినిపిస్తాయి. ప్రేమతో చెప్పుకునే మాటలే కాబట్టి సరిదిద్దడానికి మొదట్లో నాకు నోరు వచ్చేది కాదు. ఇప్పుడు మాత్రం చెప్పేస్తున్నాను. ఎందుకంటే అసలు జరిగింది ఆ కథల కంటే ఎప్పుడూ గొప్పగానే ఉంటోంది.

అపోహ: నేవీలో ఎగిరారంటే పైలట్ అయి ఉండాలి. వెనక కూర్చునేవాళ్లది చిన్న పని.

వాస్తవం: ఒకావిడ "మా నాన్న పైలట్ కాదండీ, ఊరికే పక్కన కూర్చునేవారట" అని, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. ఆయన అలీజే విమానంలో అబ్జర్వర్. విమానాలు లేచి దిగే మన యుద్ధనౌక విక్రాంత్ మీద రెండు రకాల యుద్ధ విమానాలు ఉండేవి. సీహాక్ జెట్ విమానం, అందులో పైలట్ ఒక్కడే. ఆ స్క్వాడ్రన్, అంటే ఆ విమానాల దళం, నంబరు 300. అలీజే ఫ్రాన్సులో తయారైన పంకా విమానం, అందులో ముగ్గురు. ఆ స్క్వాడ్రన్ 310. అలీజే ముఖ్యమైన పని సముద్రంలో సబ్‌మెరైన్లను వెతకడం. నీటి పైకి వచ్చే చిన్న గొట్టాన్ని రాడార్ తెర మీద పసిగట్టాల్సింది పైలట్ కాదు, రాడార్ చూస్తున్న మనిషి.

ఇంకో సంగతి ఉంది. ఎయిర్‌పోర్ట్ ఎక్కడికీ పోదు, ఓడ అలా కాదు. మీరు రెండు మూడు గంటలు ఎగిరి వచ్చేసరికి అది మైళ్ల దూరం జరిగిపోయి ఉంటుంది. యుద్ధం కాబట్టి అది తన చోటు రేడియోలో చెప్పదు. చుట్టూ నీళ్లే, గుర్తుపట్టడానికి ఒక చెట్టు కూడా ఉండదు. గాలి ఎటు ఎంత నెట్టింది, మనం ఎంత తిరిగాం, ఓడ ఈపాటికి ఎక్కడికి చేరి ఉంటుంది అని పెన్సిల్‌తో లెక్క కట్టి ముగ్గురినీ ఇంటికి చేర్చేది అబ్జర్వరే. ఆ కూతురికి ఇదంతా చెప్పినప్పుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అపోహ: గాజీని ముంచింది విక్రాంత్ విమానాలే. నాన్న కూడా అందులో ఉన్నారు.

వాస్తవం: బీచ్ రోడ్డులో విజయ స్తూపం చూస్తూ పెరిగిన మనకి ఇది నమ్మకంగా మారిపోయింది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటే వేళకి పాకిస్థాన్ సబ్‌మెరైన్ గాజీ విశాఖ తీరం దగ్గర మునిగిపోయింది. అది వచ్చింది విక్రాంత్ కోసమే. కానీ విక్రాంత్ ఆ సమయానికి అండమాన్ల వైపు ఉంది. గాజీ ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాల వాదనలు వేరు. అయితే విక్రాంత్ విమానాలు ఆ పని చేయలేదన్నది మాత్రం ఖాయం.

వాళ్ల పని 4వ తేదీ పగలు మొదలైంది. ఎనిమిది సీహాక్‌లు డెక్ మీద నుంచి లేచి అప్పటి తూర్పు పాకిస్థాన్‌లోని కాక్స్ బజార్ మీద దాడి చేశాయి. తర్వాత చిట్టగాంగ్, ఖుల్నా, మోంగ్లా. అలీజేలు రాత్రి పూట కూడా వెళ్లి బాంబులు వేశాయి. ఇదంతా ఎలాంటి ఓడ మీద నుంచి? నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగుళ్లు వచ్చి, పూర్తి వేగం అందుకోలేని ఓడ మీద నుంచి. డెక్ మీద విమానం లేవాలన్నా దిగాలన్నా ఎదురుగాలి కావాలి. సముద్రం మీద గాలి పడిపోతే ఆ లోటు ఓడ తన వేగంతో పూడ్చాలి, విక్రాంత్‌కి ఆ వేగమే కరువు. అందుకే అప్పటివాళ్లు మాట్లాడితే శత్రువు కంటే ముందు గాలి గురించి చెబుతారు. మీ నాన్న "గాలి లేదు" అని పదే పదే అన్నట్టు గుర్తుంటే, ఆయన వాతావరణం గురించి మాట్లాడలేదు.

ఇంకొకటి, విశాఖలోని నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ప్రారంభమైంది 1991లో. 1971లో నాన్న డేగా నుంచి ఎగిరారన్నది కుదరదు.

అపోహ: లాగ్‌బుక్‌లో ఏముంది, అన్నీ అంకెలే.

వాస్తవం: ఇంట్లో అన్నీ పోయినా ఇది ఒక్కటి మిగిలితే చాలంటాను. తేదీ, విమానం రకం, దాని నంబరు, వెంట ఎవరున్నారు, ఏ పని మీద వెళ్లారు, పగలు ఎన్ని గంటలు, రాత్రి ఎన్ని గంటలు. నెలాఖరున లెక్క కూడి, కింద స్క్వాడ్రన్ కమాండర్ సంతకం. అన్నీ ఆ రోజుల్లోనే ఆయన చేత్తో రాసినవి. ఏళ్ల తర్వాత గుర్తు తెచ్చుకుని చెప్పిన కథ కాదు.

కానీ చదవడం తెలియాలి. ఒక కుటుంబం "నాన్న ఒక్క నెలలో ఓడ మీద అన్నిసార్లు దిగారు" అని ఎంతో గర్వంగా చూపించింది. ఆ వరసల పక్కన 'ఎమ్.ఏ.డి.డి.ఎల్.' అని ఉంది. అంటే నేల మీద రన్‌వేనే డెక్ అనుకుని, అద్దం దీపాల సాయంతో చేసే ప్రాక్టీసు. నిజంగా ఓడ మీద దిగినవి వేరుగా ఉన్నాయి, వాటి కంటే చాలా తక్కువ. పిల్లల ముఖాలు వాడిపోయాయి. అప్పుడు ఆ ప్రాక్టీసు ఎందుకో చెప్పాను. విక్రాంత్ పొడవంతా కలిపితే సుమారు 210 మీటర్లు. దిగడానికి అందులో కొంత భాగమే. తోకకున్న కొక్కెం అడ్డంగా కట్టిన తీగల్లో ఒకదాన్ని పట్టుకోవాలి, పట్టుకోకపోతే ఆగకుండా మళ్లీ గాల్లోకి లేవాలి. ఆ కొద్ది దిగడాల కోసం నేల మీద ఇన్నిసార్లు చేశారన్నమాట.

అదే పుస్తకంలో డిసెంబరు పేజీ తిప్పాం. నవంబరు ప్రాక్టీసుకి గడి నిండా రాసిన మనిషి, దాడికి వెళ్లిన రోజు ఊరి పేరు ఒక్కటే రాశారు. చేతిరాత ఏమీ మారలేదు. ఆ పేజీని ఇప్పటికీ మర్చిపోలేను.

అపోహ: యుద్ధం పేరున్న మెడల్ అంటే శౌర్య పతకమే.

వాస్తవం: పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్ ఆయా యుద్ధరంగాల్లో పనిచేసినందుకు, సంగ్రామ్ మెడల్ ఆ కాలంలో సర్వీసులో ఉన్నందుకు. శౌర్యానికి ఇచ్చేవి మహావీర చక్ర, వీర చక్ర, నౌసేనా మెడల్ లాంటివి. విక్రాంత్ కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్‌కి, సీహాక్ స్క్వాడ్రన్‌ని నడిపించిన సంతోష్ కుమార్ గుప్తాకి మహావీర చక్ర వచ్చింది. ఇవన్నీ గెజిట్‌లో ఉంటాయి, చూసుకుని రాయండి. నాన్నకి రానిది ఆయన పేరున రాస్తే వచ్చినవాళ్లకీ ఆయనకీ ఇద్దరికీ అన్యాయం.

అపోహ: నేవీ విమానాలకి 71లో నష్టమే జరగలేదు.

వాస్తవం: తూర్పున సీహాక్‌లు దెబ్బలు తిన్నా అన్నీ తిరిగొచ్చాయి. పడమర సముద్రంలో మాత్రం డిసెంబరు 10న పాకిస్థాన్ స్టార్‌ఫైటర్ జెట్ విమానం మన అలీజే ఒకదాన్ని కూల్చింది. అందులో ముగ్గురూ తిరిగి రాలేదు. ఆ రోజుల్లో క్వార్టర్స్‌లో ఉన్న ఒక పెద్దావిడ నాతో అన్నారు, జీపు చప్పుడు వినబడితే అన్ని ఇళ్ల తలుపులూ ఒకేసారి తెరుచుకునేవట. అమ్మ జ్ఞాపకాలు కూడా అడిగి రాసుకోండి, ఆలస్యం చేయకండి.

అపోహ: లామినేషన్ చేయిస్తే కాగితాలు వందేళ్లుంటాయి.

వాస్తవం: దయచేసి చేయించకండి. ఆ వేడికి, జిగురుకి కాగితం పాడవుతుంది, మళ్లీ విడదీయలేం. సెల్లో టేప్ కూడా వద్దు. విశాఖ ఉప్పుగాలికి బీరువాలో ప్లాస్టిక్ కవర్లో పెడితే లోపలే చెమ్మ పడుతుంది. ముందు పగటి వెలుగులో ప్రతి పేజీని, ఖాళీగా ఉన్నా సరే, ఫొటో తీయండి. ఫొటోల వెనక పేర్లు రాయాలంటే మెత్తని పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ వద్దు.

అపోహ: ఆయన యుద్ధం గురించి ఏమీ చెప్పరు. అడిగి లాభం లేదు.

వాస్తవం: "యుద్ధంలో ఏం చేశారు?" అని అడిగితే ఎవరూ చెప్పరు. అది మరీ పెద్ద ప్రశ్న. లాగ్‌బుక్ ముందు పెట్టి, ఒక వరస మీద వేలు పెట్టి, "ఈ రోజు మీతో ఉన్న ఈయన ఎవరు?" అని అడగండి. లేదా ఆ పూట ఏం తిన్నారో అడగండి.

నాకు తెలిసిన ఒక అబ్జర్వర్ గారు ఎనభై దాటినవారు. కొడుకు ఎన్నేళ్లు అడిగినా "డ్యూటీ చేశాం" అనేవారట. నేను వెళ్లిన రోజు, ఓడని మళ్లీ ఎలా కనుక్కునేవారండీ అని అడిగాను. భోజనాల బల్ల మీద మంచినీళ్ల గ్లాసు పెట్టి ఇది ఓడ అన్నారు. చెంచా తీసుకుని ఇది మేము అన్నారు. చెంచాని బల్ల అంచు దాకా తీసుకెళ్లి, మెల్లగా వెనక్కి తిప్పుతూ, రెండో చేత్తో గ్లాసుని జానెడు పక్కకి జరిపారు. "తిన్నగా వస్తే ఇది దొరకదు బాబూ" అన్నారు. కొడుకు వంటింటి గుమ్మం దగ్గరే నిలబడి చూస్తున్నాడు. ఆయన చెంచాని అక్కడే ఆపి, నీ లెక్క ప్రకారం ఇప్పుడు ఓడ ఎక్కడుండాలి అని అతన్ని అడిగారు.