గట్టు మీద నడిచే కాలు – పిల్లలకు ఉత్తరం

ఆమదాలవలస

పిల్లలూ,

సంక్రాంతికి వచ్చినప్పుడు "పెద్దనాన్నా, పీహెచ్‌డీ అయ్యాక ఇంకేం చదువుంటుంది? పోస్ట్‌డాక్ అంటే ఏంటి?" అని అడిగారు. ఇల్లంతా చుట్టాలు, సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

పోస్ట్‌డాక్‌లో పరీక్షలుండవు, పట్టా రాదు. ఒక ప్రొఫెసర్ ల్యాబ్‌లో చేరి, ఫెలోషిప్ మీదో ప్రాజెక్టు జీతం మీదో రెండు మూడేళ్లు చేసే పరిశోధన అది. ఆ తర్వాత ఏమిటన్న టెన్షన్ ఉంటుంది, దాచను. కానీ దేని మీద పని చెయ్యాలో చాలావరకు మనమే తేల్చుకోవచ్చు. నేను కృత్రిమ కాళ్ల మీద చేశాను.

కాలు పోయినవాళ్లను మీరూ చూసే ఉంటారు. రైలు కింద పడ్డవాళ్లు, నూర్పిడి మిషన్లో కాలు ఇరుక్కున్నవాళ్లు, షుగరు వల్ల పుండు మానక కాలు తీయించుకున్నవాళ్లు. మన వైపు వాళ్లకు కాలు పెట్టించుకున్నాక కూడా పొలం పని తప్పదు, నేల మీద కూర్చుని అన్నం తినడం తప్పదు. పాశ్చాత్య దేశాల నుంచి వచ్చిన పాత రకం పాదం బూటులో ఇమడడానికి చేసింది, దాని చీలమండ వంగదు. 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేఠీ, చేతిపనిలో దిట్ట అయిన రామచంద్ర శర్మ కలిసి రబ్బరు పాదం చేశారు. దాంతో గొంతుక్కూర్చోవచ్చు, బాసింపట్టు వేసుకోవచ్చు, చెప్పుల్లేకుండా నడవొచ్చు. కాలు పోయిన నర్తకి సుధా చంద్రన్ మళ్లీ నాట్యం చేసింది ఆ కాలితోనే. శర్మగారికి పెద్ద చదువులు లేవు. ఆ పాదంలో ఆయన చేతుల పాత్ర డాక్టరు గారి పాత్రకు ఏమాత్రం తీసిపోదని నా గట్టి నమ్మకం.

మోకాలి పైదాకా తీసేసినవాళ్ల కష్టం ఇంకా ఎక్కువ. తలుపు బందులాగా ఒకే ఇరుసు మీద మడిచే మోకాలు పెడితే, మడమ ఆనగానే అది ముడుచుకుపోయి మనిషి పడిపోవచ్చు. మన అసలు మోకాలు అలా ఒకే చోట తిరగదు, వంగేకొద్దీ తిరిగే కేంద్రం జరుగుతూ ఉంటుంది. అందుకే నాలుగు కడ్డీలు కలిపి పాలీసెంట్రిక్ మోకాలు చేస్తారు. బరువు ఆన్చినప్పుడు నిలకడగా ఉంటుంది, కాలు ముందుకు ఊగేటప్పుడు కాస్త పొట్టిదవుతుంది కాబట్టి వేళ్లు నేలకు తగలవు. ఐఐటీ మద్రాస్ వాళ్లు 2022లో తెచ్చిన 'కదం' ఈ రకమే.

ఇన్ని ఉన్నా, కాలు రోజూ వేసుకుంటారా, మూలన పడేస్తారా అన్నది తేల్చేది సాకెట్. అంటే మిగిలిన కాలికి తొడిగే భాగం. పొద్దున్న బిగుతుగా ఉన్నది సాయంత్రానికి వదులవుతుంది, ఎందుకంటే లోపలి కాలు ఒత్తిడికి కొంచెం తగ్గుతుంది. అప్పుడు మేజోడు మీద మేజోడు వేసుకోవాలి. మన ఉక్కలో లోపలంతా చెమట, దానికి చర్మం ఒరుసుకుపోతుంది. షుగరు ముదిరినవాళ్లకు స్పర్శ తగ్గి ఆ ఒరుపు తెలియదు, పుండు పడ్డాకే చూసుకుంటారు.

ల్యాబ్‌లో మేం సాకెట్ లోపల పల్చటి ప్రెజర్ సెన్సర్లు అతికించి, నేలలో అమర్చిన ఫోర్స్ ప్లేట్ (పాదం ఎంత బలంగా నొక్కుతోందో కొలిచే పలక) మీద నడిపించేవాళ్లం. మామూలు నడకలో ఒక్కో కాలు దాదాపు 60 శాతం సేపు నేల మీద, 40 శాతం సేపు గాల్లో ఉంటుంది. కృత్రిమ కాలున్నవాళ్లు మంచి కాలి మీదే ఎక్కువసేపు నిలబడతారు. గ్రాఫులో ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఇవన్నీ, మనుషుల మీద చేసే పరిశోధనను ముందే పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే. వచ్చినవాళ్లకు అంతా వివరించి, ఇష్టం లేకపోతే మధ్యలో మానేయవచ్చని చెప్పి సంతకం తీసుకోవాలి. కాలు గట్టిదనం మాత్రం మిషన్లు చూస్తాయి. కృత్రిమ కాళ్ల పరీక్షకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 10328 ప్రకారం 30 లక్షల సార్లు బరువు మోపి చూస్తారు.

ఒకసారి వంశధార ఆయకట్టు రైతు ఒకాయన చక్కగా నడిచి చూపించి, "బాబూ, మీ గదిలో బాగానే ఉంది. మా గట్టు మీద ఏటవుతాదో సెప్పు" అన్నాడు. గట్టు అడుగు వెడల్పు, రెండు పక్కలా వాలు, పైన జారుడు. దమ్ము చేసిన మడిలో దిగితే బురద పాదాన్ని పట్టేస్తుంది, పైకి లాగితే సాకెట్ ఊడి వస్తుంది. ఆ తర్వాత నా పని అంతా దాని మీదే: బెల్టు ఎక్కడ కడితే కాలు ఊడదు, పాదం ఏ ఆకారంలో ఉంటే బురద తక్కువ పట్టుకుంటుంది. కొంత కుదిరింది. చాలా మిగిలింది, అది మీలాంటివాళ్లు చెయ్యాలి.

ఏ గ్రూపు తీసుకోవాలని చిన్నది అడిగింది. ఎంపీసీ తీసుకుని మెకానికల్, ఎలక్ట్రానిక్స్, బయోమెడికల్ వైపు నుంచి రావచ్చు. బైపీసీ వాళ్లకు ప్రోస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్ డిగ్రీ ఉంది, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లు. కటక్ దగ్గర ఒలట్‌పూర్‌లోని జాతీయ సంస్థలో చెప్తారు, మనకు ఒకే రైలు దారి. వేసవి సెలవులకు వచ్చేటప్పుడు ఒక స్క్రూడ్రైవర్ పట్టుకురండి. నా దగ్గర పాత మోకాలు ఒకటుంది, విప్పి చూద్దాం.

మీ పెద్దనాన్న