గోడ నుంచి ఆంప్లిఫయర్ దాకా ఆ రెండు మీటర్లు

ఆంప్లిఫయర్‌కి పవర్ కేబుల్ సొంతంగా చేసుకుంటే పాట బాగా వినిపిస్తుందా అని మా జైపూర్‌లో (రాజస్థాన్‌ది కాదు, కోరాపుట్ జిల్లాది, ఇంట్లో తెలుగు వీధిలో ఒడియా మాట్లాడుకునే మా ఊరు) ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. నేను ఇప్పటికి మూడు చేశాను. చేసుకోండి, కానీ రాగి ఎంత ఖరీదైనదో చూసి కాదు, వేరే కారణాలకి.

మా పక్కనే మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఉంది కదా, ఆంధ్రా ఒడిశా కలిసి కట్టుకున్నది, 1955 నుంచి కరెంటు తీస్తున్నది. అలాంటి చోట్లన్నిట్లో పుట్టిన కరెంటు గ్రిడ్డులో కలిసిపోయి, టవర్లెక్కి, సబ్‌స్టేషన్లు దాటి, స్తంభాల మీది అల్యూమినియం తీగల్లోంచి, మన గోడలోని పాత వైర్లలోంచి ఎన్నో కిలోమీటర్లు వచ్చాక, చివరి రెండు మీటర్లు మాత్రం బంగారంలాంటి రాగి పెడితే ఏం మారుతుంది? లెక్క వేసి చూద్దాం. 1.5 స్క్వేర్ ఎంఎం రాగి ఫ్లెక్సిబుల్ వైరు రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డు, కిలోమీటరుకి 13.3 ఓమ్‌లు. రెండు మీటర్ల కేబుల్‌లో కరెంటు వెళ్ళి రావాలి కాబట్టి నాలుగు మీటర్లు, అంటే 0.05 ఓమ్. ఆంప్లిఫయర్ ఒక ఆంపియర్ లాగితే దారిలో పోయేది 0.05 వోల్టు. సన్నది, 0.75 వైరు వాడితే 0.1. 230 వోల్టుల్లో ఇది ఒక లెక్కా, సాయంత్రం రైస్ మిల్లులు నడిచే టైముకి మా ఇంట్లో మీటరు పెడితే పది పన్నెండు వోల్టులు ఇట్టే పడిపోతాయి!

పైగా స్పీకర్ గోడలోంచి నేరుగా తాగదు. ఆంప్లిఫయర్ లోపల ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి తగ్గిస్తుంది, డయోడ్లు దాన్ని ఒకే దిక్కుకి తిప్పుతాయి, పెద్ద కెపాసిటర్లు సెకనుకి 100 సార్లు నిండుతుంటాయి, పాటకి కావాల్సింది వాటిలోంచే వెళ్తుంది. మున్సిపాలిటీ కొళాయి ఆగి ఆగి వచ్చినా డాబా మీది ట్యాంకు వల్ల బాత్రూంలో ధార ఒకేలా పడుతుంది చూడండి, అదే పని.

మరి ఎందుకు చేసుకోవాలి? జాయింటు కోసం. రెడీమేడ్ కేబుల్ ఒకటి తెప్పించుకున్నాను, పైన 1.5 అని ఉంది, బ్లేడుతో ఒక పోగు గీకితే లోపల తెల్లగా అల్యూమినియం, పైన రాగి పూత అంతే! ప్లగ్గు తెరిస్తే స్క్రూ వేలితో తిరిగింది. వదులు జాయింటు అర ఓమ్ ఉందనుకోండి, మూడు ఆంపియర్లు వెళ్తే 4.5 వాట్ల వేడి, అదీ అగ్గిపుల్ల తలంత చోటులో. ప్లాస్టిక్ అలాగే నల్లబడుతుంది.

నేను చేసేది ఇలా. మూడు కోర్ల వైరు తీసుకుని, పై తొడుగు మీద బ్లేడుతో చుట్టూ లోతు లేకుండా గీత పెట్టి వంచితే అదే విడిపోతుంది, లోపలి తీగలకి గాయం కాదు. గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, పచ్చా పసుపూ చారలది ఎర్తు. ప్లగ్గులో ఎర్తు తీగని మిగతా రెంటికన్నా కాస్త పొడుగ్గా వదులుతాను, ఎవరైనా కేబుల్ లాగినా అది ఆఖరికి ఊడాలని. ప్లగ్గులో ఎర్తు పిన్ను పొడుగ్గా ఉండేదీ అందుకే, ముందు తగిలి చివర విడివడాలి. పోగులకి సోల్డర్ పూసి స్క్రూ కింద పెట్టకండి, సోల్డర్ మెత్తన, ఒత్తిడికి నెమ్మదిగా అణిగిపోయి స్క్రూ వదులవుతుంది. లగ్గు (తీగ చివర తొడిగే చిన్న లోహపు తొడుగు) వేసి నొక్కండి. ఆంప్లిఫయర్ వైపు ఎప్పుడూ బొక్కలున్న కనెక్టరే, పిన్నులున్నది పెడితే చేతికి తగిలేది కరెంటే.

ఇక అసలు గోల, హమ్. సెట్‌టాప్ బాక్సు కలిపిన రోజు మా స్పీకర్లు తేనెటీగల్లా మోగాయి. రెండు సాకెట్లకీ వేరే వేరే దారుల్లో ఎర్తు ఉండి, ఆడియో వైరు వాటిని కలిపేసరికి ఒక పెద్ద చుట్టు తయారైంది, దాంట్లో పుట్టిన 50 హెర్ట్జ్ కరెంటే ఆ మోత. ఎర్తు పిన్ను తీసేస్తే పోతుందని ఎవరో చెబితే చేయబోయాను. మావయ్య చెయ్యి పట్టుకున్నాడు. "ఏటిరా నువ్వు, రేపు లోపల వైరు బాడీకి తగిలితే ఆ కరెంటు ఎటెళ్తదనుకున్నావ్, నీలోంచే!" నిజం, ఫ్యూజు ఎగరాలంటే ఎర్తు దారి ఉండాలి. చివరికి రెంటినీ ఒకే బోర్డులో పెట్టి, పవర్ కేబుల్‌ని ఆడియో వైరుకి దూరంగా జరిపి, దాటాల్సిన చోట అడ్డంగా దాటించాను. మోత చాలావరకు పోయింది.

చేసిన కేబుల్‌ని గోడకి పెట్టే ముందు మల్టీమీటర్ బీప్‌లో పెట్టండి, ఎర్తు నుంచి ఎర్తుకి మోగాలి, ఫేజు నుంచి ఫేజుకి, న్యూట్రల్ నుంచి న్యూట్రల్‌కి మోగాలి, ఒకదాంతో ఇంకోటి మాత్రం మోగకూడదు. గోడలో ఎర్తు ఉందో లేదో వైర్‌మన్‌తో చూపించుకోండి, మా పాత ఇళ్ళల్లో మూడో బొక్క చాలా చోట్ల ఉత్తిదే. ఉన్నా మాది ఎర్రమట్టి, ఎండాకాలంలో బీటలు వారితే ఎర్తు గుంట కూడా ఎండిపోయి దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. అందుకే ఏప్రిల్ వచ్చిందంటే మావయ్య పొద్దున్నే తులసికోటకి నీళ్ళు పోసి, మిగిలిన బిందె తీసుకెళ్ళి ఎర్తు గుంటలో పోస్తాడు.